పడుగు తడవని తుఫాను

తొగటవారిపల్లె,
రాజంపేట దగ్గర.
ఆగస్టు 2001

అక్కా,

మన చెరువు అలుగు వాగును పూడ్చినవాడు కాంట్రాక్టరు రాఘవేంద్రప్రసాద్. ఈ మాట ముందు రాసి క్షేమ సమాచారాలు తర్వాత రాస్తున్నాను. నేరం చేసినవాడి పేరు మొదటి వాక్యంలోనే ఉండాలని నేను చదివిన కరపత్రాల్లో ఒకదాంట్లో ఉంది. అది నిజమే అనిపించింది.

నీ పెళ్ళై నువ్వు మంత్రాలయం పోయాక ఇక్కడ ఏం జరిగిందో నీకు తెలియదు. అలుగు పక్కన బీడు భూమి కొని ఆయన ముగ్గురాయి యార్డు పెట్టాడు. మంగంపేట వైపు నుంచి లారీలు వస్తాయి, మంచి రాయి ఏరుకుని పంపుతాడు, మిగిలిన చెత్తరాయినంతా అలుగు వాగులో పోయిస్తాడు. ఇప్పుడు అక్కడ వాగు లేదు, తెల్లటి దిబ్బ ఉంది. చెరువు నిండితే మిగులు నీళ్ళకు ఇదివరకు ఒక దారి ఉండేది. ఇప్పుడు ఆ నీళ్ళు కట్ట తెంచుకుని రావాలి. కట్ట కింద ఏముందో నీకు చెప్పనక్కరలేదు. మన మగ్గాల వీధి ఉంది.

ఆయన దగ్గరికి పోయి అడిగాను. కుర్చీలో నుంచి లేవకుండానే నవ్వాడు. "చెరువు నిండిన రోజు వచ్చి చెప్పప్పా, నేనే తట్ట పట్టుకోని వస్తా" అన్నాడు. ఆ మాట నేను మరిచిపోను.

ఊళ్ళోవాళ్ళు ఆయన కంటే మేలేమీ కాదు. పెంచలయ్య పెదనాయనకు కట్ట కింద అంత సేద్యం ఉంది కదా, ఆయనకైనా పట్టాలి కదా. "నువ్వు పుట్టినాక ఆ అలుగు పారింది చూసినావా? ముందు నిండేది చూపించు, తెగేది తర్వాత చూద్దాం" అని బీడీ ముట్టించుకున్నాడు.

నెల్లూరు నుంచి వచ్చిన నూలు కట్టకు చుట్టిన కాగితం ఒకటి నాకు దొరికింది. తుఫాను వేళ ఎట్లా జాగ్రత్తపడాలో కోస్తావాళ్ళకు అచ్చువేసి పంచిన కాగితం. మూడుసార్లు చదివాను. మన ఊరికీ అట్లాంటిది రాసి రాజంపేటలో అచ్చు వేయిస్తాను.

నువ్వు కాన్పుకు ఈ ఇంటికి రావద్దు. కారణం పైన రాసిందే. ఫోన్ చేసి చెప్పొచ్చు కదా అంటావు. ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క ఎస్టీడీ బూత్ ఆ కాంట్రాక్టరు బావమరిదిది.

అందరం క్షేమం, ప్రస్తుతానికి.

ఉమామహేశ్వర


మంత్రాలయం.
ఆగస్టు నెలాఖరు

చిరంజీవి తమ్ముడు ఉమకు,

అలుగు గురించి రాసి నన్ను అలిగేటట్టు చేశావు. తొలి కాన్పుకు పుట్టింటికి రావద్దనడం తమ్ముడి పెళ్ళాం చేసే పని. నీకింకా పెళ్ళే కాలేదు, ఆవిడ పని కూడా ముందే నువ్వు చేసి పెడుతున్నావా?

నేను వస్తాను. నాయన ఆకుపచ్చ చీరకు మగ్గం మీద పడుగు నూలు ఎక్కించాడని అమ్మ కబురు పంపింది. ఎర్రంచు వేస్తున్నాడట, నేను బాలింత స్నానం చేసి కట్టుకోవడానికి. ఆ మగ్గం చప్పుడు వింటూ పడుకోవాలని నాకు ఉంది. ఇక్కడ మఠం ముందు పంచెలు అమ్మే అంగట్లో కూర్చుని కూర్చుని చెవుల్లో యాత్రికుల బేరాలే మోగుతున్నాయి. మీ బావ మంచివాడే కానీ ఆయన మాట్లాడితే కూడా బేరమాడినట్టే ఉంటుంది.

తుంగభద్రలో ఇప్పుడు పిల్లలు నడిచి అవతలికి పోతున్నారు. నువ్వేమో వరదల గురించి రాస్తున్నావు. ఉత్తరం చదివి వినిపిస్తే మా అత్త నవ్వలేదు గానీ, "మీ తమ్ముడు శానా చదువుతాండాడేమో, వేడి చేసింటాది, మజ్జిగ తాగమను" అంది.

నాయనతో ఏమైనా గొడవ పడ్డావా? నిజం రాయి.

అక్క ప్రమీలారాణి


తొగటవారిపల్లె,
సెప్టెంబరు

అక్కా,

ఈ ఊరు మునిగిపోయినా నాకు బాధ లేదని రాద్దామనుకున్నాను. రాసి కొట్టేశాను, కనిపిస్తూనే ఉంది.

కరపత్రం అచ్చువేయించాను. ఒకటి ఈ ఉత్తరంలో పెడుతున్నాను. రేడియోలో బంగాళాఖాతంలో వాయుగుండం అని చెప్పిన మరుసటి పొద్దున ఇంటింటికీ పంచి, తప్పెట కొట్టించి, "తుఫాను వస్తాండాది, తుఫాను వస్తాండాది" అని వీధి వీధీ తిరిగాను.

ఏమైందో తెలుసా? జనం బయటికి వచ్చారు. మూటలు కట్టుకుని కాదు. మిద్దెల మీది వాననీళ్ళు దిగే దూలగొట్టాల కింద బానలు పెట్టడానికి వచ్చారు. ఆడవాళ్ళు పసుపు కుంకుమ పట్టుకుని చెరువు దగ్గరికి పోయారు. పెంచలయ్య పెదనాయన నా చేతిలో కొబ్బరికాయ పెట్టి, "నీ నోట్లో చక్కెర పొయ్య, ఎంత మంచి మాట చెప్పినావురా" అని నా తల నిమిరాడు. నేను కట్ట తెగుతుందని అరుస్తుంటే వాళ్ళు విత్తనాల గురించి మాట్లాడుకుంటున్నారు. రాఘవేంద్రప్రసాద్ మనిషి చేత లడ్లు పంపించాడు. ఆ లడ్లను ఎక్కడ విసిరానో రాయను.

వాన వచ్చింది. సగం చెరువు నిండింది. సాయంత్రం నా మెడలో బంతిపూల దండ వేశారు. నడివీధిలో ఆ దండ తెంచి పారేసి, వాళ్ళందరినీ ఒక మాట అన్నాను.

ఈ ప్రజల కోసం ఎవడైనా ఎందుకు కరపత్రం రాయాలి చెప్పు.

నాయన గురించి అడిగావు. బాగున్నాడు.

ఉమ


మంత్రాలయం,
సెప్టెంబరు నెలాఖరు

ఒరే ఉమా,

పేజీలు పేజీలు రాసేవాడివి, నాయన గురించి ఒక్క మాట రాశావు. అక్కడే ఏదో ఉందనుకున్నాను. అమ్మ పక్కింటి సుబ్బక్క కూతురి చేత రాయించి పంపింది. పెద్దమనుషులను నడివీధిలో గొర్రెలన్నావట. నాయన అందరి ముందర నీ చెంప మీద కొట్టాడట. ఆ రోజు నుంచి ఇద్దరి మధ్యా మాటల్లేవట. నీకు అన్నం కావాలన్నా నాయనను పేరు పెట్టి "రామలింగప్పగారి ఇంట్లో అన్నం ఉందా" అని గోడకు చెబుతున్నావట. చెరువుకు అలుగు లేకపోతేనేం, మన ఇంట్లో రెండు ఉన్నాయి.

ఇప్పుడు నీ కరపత్రం సంగతి. మా అత్తకు చదివి వినిపించాను. ఆమె మధ్యలో ఆపి, "యాడిదమ్మా ఇది, మీ ఊరు సముద్రం పక్కనుండాదా?" అంది. అప్పుడు మళ్ళీ చూశాను. నాలుగో అంశం చదువుకో. "పడవలను ఒడ్డుకు చేర్చి లంగరు వేసుకోవలెను." ఐదోది: "వలలను భద్రపరచుకొనవలెను." మనూర్లో పడవ యాడుండాదిరా? పెంచలయ్య పెదనాయన దగ్గర ఉందా? నవ్వు ఆపుకోలేక నా నడుము పట్టేసింది. ఈ నెలల్లో అట్లా నవ్వకూడదని అత్త తిట్టింది.

నవ్వి నవ్వి తర్వాత ఆలోచించాను. నువ్వు చెప్పింది అబద్ధం కాదు. కానీ నువ్వు మనూరోళ్ళ మాటతో చెప్పలేదు, నెల్లూరోళ్ళ మాటతో చెప్పావు. తుఫాను అంటే వాళ్ళకు ఇల్లు ఎగిరిపోవడం. మనకు? మన చిన్నప్పుడు తుఫాను వస్తుందంటే అమ్మ బియ్యం నానబెట్టేది, గుర్తుందా? వానొచ్చిన రోజు అట్లు పొయ్యాలని. సీమలో ఆ మాట చెప్పి ఒకణ్ణి కూడా ఇంట్లో నుంచి కదిలించలేవు. ఇంకా ఇద్దరు చుట్టాలు కొత్తగా వస్తారు.

వాళ్ళు దేనికి భయపడతారో అది చెప్పు. నేను చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఒకసారి చెరువు బాగా నిండి, కట్ట ఊరి, మగ్గం గుంటలోకి నీళ్ళు వచ్చాయి. నువ్వప్పుడు ఇంకా అమ్మ కడుపులో ఉన్నావు. నాయన గుంటలో కాళ్ళు పెట్టి కూర్చునేవాడు కదా, మోకాళ్ళ దాకా నీళ్ళు వచ్చినా లేవలేదు. పడుగు తడుస్తుందేమోనని చేత్తో పైకెత్తి పట్టుకుని కూర్చున్నాడు. ఆ రోజు ఆయన ముఖం నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. ఇల్లు పోతుందంటే లేవనివాడు పడుగు తడుస్తుందంటే లేస్తాడు.

ఇంకొకటి. ఇది నీకు ముందే చెప్పాల్సింది. నేను కాన్పుకు రావడం లేదు. బస్సు ప్రయాణం వద్దని ఆదోనిలో డాక్టరమ్మ ఆగస్టులోనే చెప్పింది. రావద్దని నువ్వు రాసిన రోషంలో వస్తానని రాశాను. అమ్మను ఇక్కడికి పంపు. నాయనను మాత్రం నువ్వే చూసుకోవాలి. నా చీర మగ్గం మీద ఉన్నంతవరకు ఆయన ఆ గుంట వదిలి రాడు. అది నాకు బాగా తెలుసు. అందుకే నాకు రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు.

అక్క


తొగటవారిపల్లె,
అక్టోబరు మొదటి వారం

అక్కా,

పడవల సంగతి ఊళ్ళో ఎవరికీ చెప్పవద్దు. అమ్మకు కూడా.

అమ్మ రేపు బస్సెక్కుతుంది. ఆమె చేతికే ఈ ఉత్తరం ఇస్తున్నాను.

కొత్త కరపత్రం అచ్చువేయించలేదు. కాగితాల మీద చేత్తో రాశాను. తుఫాను అన్న మాట లేదు. ప్రజలారా అని కూడా లేదు. పైన ఒకే వాక్యం: "మగ్గం గుంటలో నీళ్ళు ఊరిన రోజు మొదట తడిచేది మీ పడుగు." కింద ఇంకొన్ని. గుంటలో చెమ్మ కనిపిస్తే ఎవరి మాట కోసమూ ఆగకుండా పక్కింటివాళ్ళను పిలవాలి. పడుగును యూరియా సంచుల్లో చుట్టి గుట్ట మీది బడికి చేర్చాలి. బొరుగులు, మూతపెట్టిన కుండలో నీళ్ళు, డబ్బాలో అగ్గిపెట్టె ముందే బళ్ళో పెట్టుకోవాలి. గొడ్లను కట్టు విప్పి వదలాలి. కరెంటు తీగ తెగి పడితే దాని దగ్గరికి పోకూడదు.

మొదట సుబ్బక్క గుమ్మం ముందర చదివాను. మొగుడు పోయాక ఆ మగ్గం ఒక్కతే నడుపుతోంది కదా. ఎప్పుడూ నన్ను వేళాకోళం చేసేది. ఈసారి పేక వేసే నాడె పక్కన పెట్టింది. "మళ్ళొక తూరి చదువు" అంది. సాయంత్రానికి మన గుమ్మం ముందు వీధంతా ఉంది.

కానీ ఒక చిక్కు వచ్చింది. ఒకసారి చేసి చూద్దామంటే ఎవరూ ముందుకు రాలేదు. సగం నేసిన పడుగును కోస్తే ఆ ఇంటికి మంచిది కాదని నీకు తెలుసు కదా. నేను మూఢనమ్మకం అని మొదలుపెట్టాను. రెండు మాటలు కూడా అనక ముందే జనం లేవడం మొదలైంది. అప్పుడు లోపలి నుంచి నాయన సుబ్బక్కతో, నాకు వినపడేటట్టు అన్నాడు: "కొయ్యమన్నదెవరు? ఇల్లు మారేటప్పుడు కోస్తామా? అవతలి తాడు విప్పి, చుట్టుకుంటా వచ్చి, అచ్చుతో, నేసిన గుడ్డ చుట్టిన దోనెతో ఎత్తుకుంటే సరి. వాడికి చెప్పు, వాడూ ఈ ఇంట్లోనే పుట్టినాడు కదా."

అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను, తల వంచుకుని.

ఒక పడుగును ఎత్తాలంటే ఇద్దరు కావాలి. అందుకే రెండు ఇళ్ళకొక జత చేశాము. నిన్న ఎండలో అందరూ పడుగులు ఎత్తుకుని గుట్ట మీదికి పోయి దిగి వచ్చారు. పెంచలయ్య పెదనాయన కట్ట మీద కూర్చుని పెళ్ళి ఊరేగింపు పోతున్నట్టు ఉందన్నాడు. పోనీ. నవ్వుతూ చేసినా చేశారు.

నాయన మాత్రం తన పడుగు విప్పలేదు. ఇంకా నాలుగు మూరలు నేస్తే చీర అయిపోతుందట.

ఉమ


[కార్డు]
మంత్రాలయం

ఉమా,
రేడియోలో నెల్లూరు దగ్గర తుఫాను తీరం దాటుతుందన్నారు. కడప జిల్లా పేరు చెప్పారు, రాజంపేట పేరు చెప్పారు. ఆ మాట విని నాకు మొదటిసారి భయమేసింది. అమ్మ నిన్నటి నుంచి అన్నం ముట్టలేదు. నాయన ఎక్కడున్నాడో ఒక్క ముక్క రాయి. నా సంగతి తర్వాత.
అక్క


గుట్ట మీది బడి,
తొగటవారిపల్లె.
అక్టోబరు మూడో వారం

అక్కా, అమ్మా,

నాయన నా పక్కన కూర్చుని బొరుగులు తింటున్నాడు. ఇది ముందు రాయాలి. మిగతాది తర్వాత.

వాన పట్టిన తర్వాత మొదటి పగలు ఊరంతా పండగే. రెండో పగటికి కొండల మీది వంకలన్నీ చెరువులోకి దూకాయి. ఆ మర్నాడు పొద్దున సుబ్బక్క కేక వినిపించింది. "గుంటలో నీళ్ళు." అంతే అంది. తప్పెట లేదు, కరపత్రం లేదు. ఆ రెండు మాటలకు వీధిలో తలుపులన్నీ తెరుచుకున్నాయి. ఎవరూ నన్ను ఏం చెయ్యాలని అడగలేదు. వాళ్ళకు తెలుసు. తాళ్ళు విప్పారు, పడుగులు చుట్టారు, సంచుల్లో వేశారు, జతలు జతలుగా భుజాల మీద ఎత్తుకున్నారు. ముసలివాళ్ళు ముందు, గొడ్లు వెనక.

నేను ఇంట్లోకి పోయేసరికి నాయన గుంటలో కూర్చుని నేస్తున్నాడు. నీళ్ళు ఆయన మోకాళ్ళు దాటాయి. నువ్వు రాసినట్టే, అక్కా, అదే ముఖం. నేను చదివిన కరపత్రాల్లో ఒక్కటి కూడా గుర్తు రాలేదు. పోయి అవతలి గుంజ దగ్గర కూర్చుని తాడు పట్టుకున్నాను. "ఇంకెంతుంది నాయనా?" అన్నాను. నెల తర్వాత ఆయనతో నేరుగా మాట్లాడిన మొదటి మాట. "జానెడు" అన్నాడు. "ఆ జానెడు గుట్ట మీద నేద్దువులే, గుంట నేను తవ్వుతా" అన్నాను. కాసేపు నాడె ఆడింది. తర్వాత ఆగింది. నాయన దోనె ఎత్తాడు.

గుట్ట ఎక్కేటప్పుడు ఆయన ముందు, నేను వెనక, మధ్యలో నీ చీర. పడుగు మోసేవాళ్ళిద్దరూ అడుగు కలిపి నడవాలి, లేకపోతే కుంగుతుంది. బడి మెట్ల దగ్గర, "చెయ్యి పైకెత్తు, తడుస్తాండాది" అన్నాడు. ఎత్తాను.

అందరినీ చేర్చాక మొగవాళ్ళం కట్ట మీదికి పోయాము. నీళ్ళు కట్ట అంచున ఊగుతున్నాయి. పెంచలయ్య పెదనాయన అక్కడే ఉన్నాడు. జీవితమంతా ఆ చెరువు నిండాలని చూసినవాడు. చేతులు జోడించి దండం పెట్టాడు, తర్వాత పంచె ఎగ్గట్టి, "పారలు యాడ పెట్టినార్రా?" అన్నాడు.

అలుగు దగ్గరికి పోతే యార్డు గేటుకు తాళం. కాపలా ఉన్న దావీదురాజు లోపల. ఆగస్టులో నేను అడగడానికి పోయినప్పుడు నన్ను మెడ పట్టి గెంటింది అతనే, అప్పుడు నీకు రాయలేదు. "గేటు తీయి" అన్నాను. మా వంక చూశాడు, కట్ట వంక చూశాడు. అతని ఇల్లు కూడా కట్ట కిందే. "ఊరికే అడిగితే ఎట్లప్పా? కొంచెం గట్టిగా అడగండి, నన్ను బెదిరించినట్టుండాల" అన్నాడు. అందరం కలిసి ఒక్క అరుపు అరిచాము. "చాలు" అని తాళం తీసి, తనూ ఒక గడ్డపార తీసుకుని వచ్చాడు.

దిబ్బలో సన్నగా కాలువ తీశాము, మనిషి పట్టేంత. అంతవరకే మా పని. ఆ తర్వాత నీళ్ళు చూసుకున్నాయి. మొదట ఒక పాయ వచ్చింది, పాల మాదిరి తెల్లగా. దావీదురాజు "జరగండి జరగండి" అని మమ్మల్ని పక్కకు లాగేసరికి దిబ్బ మధ్యకు చీలింది. ఆ చప్పుడు ఎట్లా రాయాలో తెలియడం లేదు. కాంట్రాక్టరు చెత్తరాయి, గోడ, తూకం కాటా అన్నీ కొట్టుకుని వాగులో పడి పోయాయి. అలుగు పారింది, అక్కా. నేను పుట్టాక మొదటిసారి. పెంచలయ్య పెదనాయన వానలో నిలబడి ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియలేదు. "చూసినావా? చూసినావా?" అని నా భుజం పట్టుకుని ఊపుతూనే ఉన్నాడు, నేను కాదన్నట్టు.

కట్ట ఒక చోట కుంగింది, తెగలేదు. వీధిలో నడుము లోతు నీళ్ళు నిలిచాయి, రెండు మట్టిగోడలు పడ్డాయి, గుంటలన్నీ నిండాయి. మనుషులందరూ ఉన్నారు. ఒక్క పడుగు తడవలేదు.

బడి వెనక గట్టినేల చూసి గుంట తవ్వుతున్నాను. నాయన పక్కన నిలబడి వంకర పోతోందని తిడుతున్నాడు.

ఉమ


మంత్రాలయం,
అక్టోబరు నెలాఖరు

మా తమ్ముడికి,

ఆడపిల్ల. నీ ఉత్తరం వచ్చిన రోజే. అమ్మ ఒక చేత్తో ఉత్తరం, ఒక చేత్తో పిల్లను పట్టుకుని, ఎవరి గురించి ఏడవాలో తెలియక రెండింటికీ కలిపి ఏడ్చింది.

చీర అందింది. దీపం దగ్గర పెట్టి చూశాను, ఒక్క మరక లేదు. చివరి జానెడు కొంచెం వేరేగా ఉంది, నేత బిగిసింది. ఎక్కడ ఆపి ఎక్కడ మళ్ళీ మొదలుపెట్టాడో వేలితో తడిమితే తెలుస్తుంది. ఆ చోటే కొంగు పైకి వచ్చేటట్టు కట్టుకున్నాను.

మా అత్త ఇప్పుడు నిన్ను మజ్జిగ తాగమనడం లేదు. "మీ తమ్ముడికి పిల్లను చూస్తాండా" అంటోంది. జాగ్రత్తగా ఉండు.

కానీ ఒక మాట. ఆ కాంట్రాక్టరు ఊరుకుంటాడా? నీ ఉత్తరంలో ఆయన గురించి ఏమీ రాయలేదు. నువ్వు రాయనిది ఉందంటే నాకు భయం.

అక్క


తొగటవారిపల్లె,
నవంబరు

అక్కా,

కోడలికి మేనమామ ముద్దులు.

ఊరుకోలేదు. నేను యార్డు పగలగొట్టానని స్టేషన్లో కాగితం ఇచ్చాడు. జీపు వచ్చింది. అలుగు తవ్విందెవరని ఎస్సైగారు అడిగారు. నేను నోరు తెరిచేలోపల సుబ్బక్క, "నేను తవ్వినా" అంది. ఆమె ఆ రోజు గుట్ట దిగనే లేదు. నాయన, "నేను" అన్నాడు. పెంచలయ్య పెదనాయన, "వీళ్ళెవరు కాదు సారూ, నేనొక్కణ్ణే, అంతా" అన్నాడు. దావీదురాజు కూడా చెయ్యెత్తాడు. అందరి పేర్లూ రాయాలంటే కాగితాలు చాలవని ఎస్సైగారు టోపీ తీసి నుదురు తుడుచుకున్నారు. ఎవరినీ తీసుకుపోలేదు. మర్నాడు చెరువుల ఇంజనీరు వచ్చి కుంగిన కట్ట, కొట్టుకుపోయిన దిబ్బ చూసి, వాగు తవ్వకపోయుంటే ఈ వీధి ఉండేది కాదని అందరి ముందర చెప్పి పోయాడు.

అయినా వాగులో ఇంకా సగం దిబ్బ ఉంది. నిన్న సాయంత్రం మళ్ళీ ఒక లారీ వచ్చింది. దావీదురాజు గేటు తీయలేదు, డ్రైవరు వెనక్కి తిప్పుకుని పోయాడు. మిగిలిన దిబ్బను కూడా తీసేస్తున్నాము. నా మూడో కరపత్రం కింద రాస్తున్నాను. తప్పులుంటే చెప్పు, కానీ ఈసారి ఆలస్యం, ఇంటింటికీ పంచడం అయిపోయింది. నాయనే తప్పెట కొట్టాడు.

"మన చెరువు అలుగు వాగును పూడ్చినవాడు రాఘవేంద్రప్రసాద్. తెరిచింది మనం. మిగిలింది కూడా మనమే తెరుస్తాము. వచ్చే ఆదివారం పొద్దున ఏడు గంటలకు అందరూ అలుగు దగ్గరికి రావాలి. పారలు, గడ్డపారలు ఎవరివి వాళ్ళు తెచ్చుకోవాలి. చెరువు నిండింది కాబట్టి రాఘవేంద్రప్రసాద్ గారు తట్ట పట్టుకుని వస్తారు, మాట ఇచ్చి ఉన్నారు. పడవలు అక్కర్లేదు."